పొయ్యి అంటుకోవాలంటే ముందు పేళ్లు చీల్చుకోండి

పిల్లలూ,

సంక్రాంతి సెలవులకు ఊరొచ్చి కాగు కింద పొయ్యి ముట్టించడానికి మీరు పడే తిప్పలు ఏటా చూస్తూనే ఉన్నాను. మణికట్టంత లావు సరుగుడు కట్టె కింద అగ్గిపుల్ల గీసి పెడతారు. అది అంటుకోదు. వెంటనే కిరసనాయిలు సీసా ఎక్కడుందని వెతుకుతారు. కిరసనాయిలు పోస్తే మండేది కిరసనాయిలే. అది అయిపోయాక మిగిలేది నల్లబడ్డ కట్టె, కళ్లల్లో పొగ. గుప్పున లేచిన మంటకు కనుబొమలు కాలితే ఆ టెన్షన్ వేరే!

మీ తిప్పలన్నీ కట్టె లావు వల్లే. వేడి తగిలితే కట్టెలో తడి ముందు ఆవిరైపోతుంది. తర్వాత సుమారు 250, 300 డిగ్రీల వేడికి కట్టెలోంచి మండే వాయువులు వస్తాయి. మనం చూసే మంట చాలావరకు వాటిదే. లావు కట్టెకు అగ్గిపుల్ల పెడితే ఆ కాస్త సెగా లోపలికి పాకిపోతుంది, పైన అంత వేడి పుట్టదు. సన్నగా చీల్చిన పేడు అయితే ఇట్టే వేడెక్కుతుంది. లెక్క కావాలా? అటూ ఇటూ 10 సెంటీమీటర్లున్న నలుచదరపు దుంగని అటూ ఇటూ ఒక్కో సెంటీమీటరు మందాన చీలిస్తే 100 పుల్లలు. కట్టె అదే, సెగా గాలీ తగిలే పక్కలు మాత్రం పది రెట్లు.

చీల్చడానికి బాగా ఎండిన కట్టె తీసుకోండి. కోసిన చివర పగుళ్లుంటాయి, రెండు కట్టెలు తాటిస్తే టంగుమంటాయి. ముడులు లేకుండా నిలువుగా చార సాగాలి. చింత జోలికి మాత్రం పోకండి. మాంసం కొట్టేవాళ్లు దాన్నే మొద్దుగా వాడతారంటే అది ఎంత మొండిదో అర్థమవుతుంది కదా. మీకూ కింద వేసుకునే మొద్దుగా అదే బాగుంటుంది.

జానెడు కట్టెను మొద్దు మీద నిలబెట్టి, చిన్న గొడ్డలి అంచు ఆ కట్టె తల మీద ఆనించి, గొడ్డలి వెనక మరో కట్టెతో కొట్టండి. ఒక చేత్తో కట్టె పట్టుకుని ఇంకో చేత్తో గొడ్డలి విసరడం వద్దే వద్దు, వేళ్లు పోతాయి. కాళ్లకు బూట్లు వేసుకోండి, పక్కన పెద్దవాళ్లు ఉండాలి. ఎప్పుడూ సరిగ్గా సగానికే చీల్చండి. ఒక పక్కకు జరిగితే పగులు సన్నవైపుకే పోయి, పేడు మధ్యలోనే తెగుతుంది.

అడుగున కొబ్బరి పీచో ఎండు తాటాకో పెట్టి, దాని మీద పెన్సిలంత పేళ్లు అడ్డదిడ్డంగా, గాలి ఆడేలా పేర్చండి. అవి అందుకున్నాక బొటనవేలంతవి, ఆ తర్వాతే లావు కట్టెలు. తొందరపడి అన్నీ ఒకేసారి కుక్కితే గొట్టంతో ఎంత ఊదినా పొగే.

పెరట్లో గన్నేరు పుల్లలు ఎంత ఎండినా పొయ్యిలో పెట్టకండి, ఆ పొగ కూడా విషమే. రంగు వేసిన చెక్కలూ, ప్లైవుడ్ ముక్కలూ అంతే. మర్నాటి పేళ్లు మాత్రం ఈ రాత్రే చీల్చి వసారాలో పెట్టండి. బయట వదిలేస్తే పొద్దుటికి మంచుకు మెత్తబడతాయి.

మీ తాతయ్య