మల్లెకు చలికాలపు కత్తెర

మేడ మీద తొట్టిలోని మల్లెపొద నిగనిగలాడే ఆకులతో గుబురుగా పెరిగినా, ఎండాకాలం వచ్చేసరికి గుప్పెడు పూలైనా ఇవ్వడం లేదని వాపోయేవారు చాలామంది కనిపిస్తారు. వారి మొక్కకు నీరూ ఎరువూ తక్కువైన సందర్భాలు అరుదు. చలికాలంలో కూడా దానిని విడవకుండా గారాబం చేయడమే చాలావరకు అసలు కారణం.

జాస్మినమ్ సాంబాక్ అని వృక్షశాస్త్రజ్ఞులు పిలిచే మన మల్లె, కొత్తగా వచ్చిన రెమ్మల చివర్లలోనే మొగ్గ తొడుగుతుంది. ముదిరిన కొమ్మ తనంతట తాను పూయదు, దాని కణుపుల నుంచి చిగురు రావాలి. అయితే కొమ్మ కొసన ఉండే చిగురు ఆక్సిన్ అనే హార్మోనును తయారుచేసి కిందికి పంపుతూ, కణుపుల్లోని చిగురు మొగ్గలను నిద్రలోనే ఉంచుతుంది. ఆ కొసను కత్తిరించగానే అదుపు తొలగి, ఒక్క రెమ్మ ఉన్నచోట మూడు నాలుగు పుట్టుకొస్తాయి. రెమ్మలు పెరిగినకొద్దీ పూలగుత్తులూ పెరుగుతాయి.

మల్లె రైతులకు ఈ సంగతి అనుభవం మీద ఎప్పటినుంచో తెలుసు. నవంబరు ప్రాంతంలో వారు తోటకు నీరు కట్టడం మానేసి, ఆకు దూసివేస్తారు. కొందరు గొర్రెలను తోలి మేపిస్తారు కూడా. తొట్టిలో పెంచేవారికి గొర్రెల అవసరం లేదు గానీ, పద్ధతి మాత్రం అదే. డిసెంబరులో నీరు బాగా తగ్గించి, ఎండుకొమ్మలనూ బలహీనమైన వాటినీ తీసివేసి, మిగిలిన పొదను నేల నుంచి మూరెడు ఎత్తుకు కత్తిరించి, పాదు గుల్లచేసి పశువుల ఎరువు వేయాలి. బోసిపోయిన పొదను చూస్తే చేతులు వెనకాడతాయి, నిజమే. చిగురు కనిపించాక మళ్లీ నీరు పెంచాలి. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ తగలని చోట మాత్రం ఎంత కత్తిరించినా ఫలితం అంతంతమాత్రమే.

సున్నపు నేలల్లో లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి పసుపురంగుకు తిరిగితే అది ఇనుము లోపం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్ అనే ఇనుప లవణం) కలిపి పిచికారీ చేస్తే కోలుకుంటుంది. మొగ్గ తొలిచే పురుగు పట్టిన మొగ్గలను వెంటనే కోసి నాశనం చేయడం మేలు.

కోసే వేళకూ ఒక లెక్క ఉంది. మొగ్గలో పరిమళం సిద్ధంగా నిలవ ఉండదు. రాత్రి రేకులు విచ్చుకునే సమయంలోనే బెంజైల్ ఎసిటేట్, లినలూల్ వంటి పదార్థాలు పెద్దమొత్తంలో వెలువడతాయి. కొమ్మ నుంచి వేరుచేసిన తరువాత కూడా, నిండుగా ఎదిగిన మొగ్గ ఈ పని పూర్తిచేస్తుంది. అందుకే చైనాలోని ఫుజో నగరంలో మధ్యాహ్నం కోసిన ఇవే మల్లెమొగ్గలను రాత్రివేళ తేయాకుతో కలిపి ఉంచుతారు; విచ్చుకున్న పూల వాసననంతా ఆ ఆకు తెల్లవారేలోగా పీల్చుకుంటుంది.