పాత ల్యాండ్ రోవర్ మీద జింకు పూత: అపోహలు – వాస్తవాలు

పాత సిరీస్ ల్యాండ్ రోవర్లు బాగుచేయడం నా పని. ఇంజిన్ సంగతి తేలాక ఓనర్లు తప్పకుండా అడిగేది ముందు బంపర్ గురించి, బాడీ అంచుల మీద ఉండే క్యాపింగ్‌లనే రేకు పట్టీల గురించి. 1948లో ఈ బండి వచ్చేనాటికి బ్రిటన్‌లో ఉక్కుకు యుద్ధం తెచ్చిన కరువు ఇంకా తీరలేదు. అందుకే బాడీ రేకులు బర్మాబ్రైట్ అనే అల్యూమినియం మిశ్రమంతో చేశారు. దెబ్బలు తినే అంచులకు మాత్రం గాల్వనైజ్ చేసిన, అంటే జింకు పూత పెట్టిన ఉక్కు వేశారు. ఇన్నేళ్ల తర్వాత అక్కడ కూడా తుప్పు కనిపిస్తుంది.

అపోహ: గాల్వనైజ్ చేశాక తుప్పు పట్టకూడదు. పట్టిందంటే పూత నాసిరకం.

వాస్తవం: జింకు ఉన్నదే ఖర్చవడానికి. ఇనుముకన్నా ముందు అదే కరిగిపోతూ కింది ఉక్కును కాపాడుతుంది. చిన్న గీత పడి ఉక్కు బయటపడినా చుట్టూ ఉన్న జింకు కాస్తుంది. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే బ్రిటన్‌లో ఈ ఖర్చు త్వరగా అవుతుంది. ఇప్పటి ప్రమాణాల ప్రకారం 1.5 నుంచి 3 మిల్లీమీటర్ల రేకుకు సగటున 55 మైక్రాన్ల పూత ఉండాలి. అంటే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుకు కాస్త ఎక్కువ.

గోధుమరంగు కనిపించగానే కంగారు పడక్కర్లేదు. పై జింకు అరిగాక దాని కింద ఇనుము, జింకు కలిసిన పొర బయటపడుతుంది. ఆ ఇనుము వల్లే మరక వస్తుంది, రక్షణ ఇంకా మిగిలే ఉంటుంది. పూత మందం కొలిచే మీటరు పెట్టి చూసి, ఆ తర్వాతే ఏం చేయాలో ఆలోచించండి. ఎర్రగా పొరలు పొరలుగా లేచి, గుంటలు పడితే మాత్రం అక్కడ జింకు అయిపోయినట్టే.

అపోహ: వెనిగర్‌లో నానబెట్టి వైర్ బ్రష్‌తో రుద్దితే కొత్తదానిలా అవుతుంది.

ఒక వారం మెరుస్తుంది, నిజమే. తుప్పు వదిలించే యాసిడ్ ఏదైనా ముందు తినేది మంచి జింకునే. కాస్టిక్ సోడా కూడా అంతే. గ్రైండర్‌కు వైర్ వీల్ తగిలించి తోమితే మిగిలిన కాస్త పూత కూడా పోతుంది. నేను సబ్బు నీళ్లు, నైలాన్ బ్రష్‌తోనే సరిపెడతాను. మాసిన బూడిద రంగు పాత బండికి అందమే, నన్నడిగితే.

అపోహ: సిల్వర్ స్ప్రే కొడితే గాల్వనైజింగే.

మామూలు సిల్వర్ పెయింట్‌లో ఉండేది అల్యూమినియం పొడి. అది రంగు మాత్రమే. జింకు ఎక్కువగా ఉన్న పెయింట్ వేరే దొరుకుతుంది. అది చిన్న మచ్చలకు పనికొస్తుంది, కానీ తుప్పంతా తీసి ఉక్కు తేలాకే కొట్టాలి. తుప్పు మీద కొడితే జింకుకు ఉక్కు తగలదు, పని చేయదు. మామూలు ఎనామెల్‌ను నేరుగా జింకు మీద వేసినా కొన్నాళ్లకు పొరలుగా ఊడిపోతుంది. జింకుకు సరిపడే ప్రైమర్ ముందు పడాలి.

కరెంటుతో జింకు పట్టించే ఎలక్ట్రోప్లేటింగ్ గురించి ఒక్క మాట: దాని పూత సాధారణంగా 5 నుంచి 12 మైక్రాన్లు. బోల్టులకు చాలు, బంపర్‌కు చాలదు.

అపోహ: అన్నీ విప్పి మళ్లీ కరిగిన జింకులో ముంచిస్తే టెన్షన్ ఉండదు.

గుంటలు పడిన బంపర్‌కు నేనూ అదే చెబుతాను. క్యాపింగ్‌ల దగ్గర మాత్రం ఆలోచిస్తాను. ముంచేది దాదాపు 450 డిగ్రీల వేడిలో. పల్చగా, పొడుగ్గా ఉన్న రేకు వంకర పోవచ్చు. రివెట్ రంధ్రాలు పూడుకుపోతాయి. పాత పెయింట్, జింకులో ముంచే ముందు శుభ్రం చేసే యాసిడ్ తొట్టిలో పోదు, ముందే తీసి పంపాలి. మూసుకున్న డొల్ల భాగాలకు గాలి, జింకు వెళ్లే రంధ్రాలు లేకపోతే లోపలి తడి ఆవిరై పేలుతుంది. ప్లాంటు వాళ్లను ముందే అడిగి రంధ్రాలు వేయండి. తుప్పు తిన్న గుంటలు ఎలాగూ పూడవు. జింకు పూత మీద కనిపించే పాత పూల డిజైన్ అచ్చంగా వస్తుందన్న హామీ కూడా లేదు. అది జింకులో కలిపిన లోహాలను, చల్లారే వేగాన్ని, ఉక్కు రకాన్ని బట్టి మారుతుంది.

అపోహ: జింకు మీద వెల్డింగ్ చేశాక పాలు తాగితే చాలు.

ఈ మాట వెల్డర్ల నోట చాలాచోట్ల వినిపిస్తుంది. ఆ పొగ పీలిస్తే కొన్ని గంటలకు చలి, జ్వరం వస్తాయి. పాలు దాన్ని ఆపవు. వెల్డ్ చేసే చోట జింకును ముందే తీసేయండి, గాలి ఆడే చోట సరైన మాస్క్ పెట్టుకుని చేయండి.

ఇక క్యాపింగ్ తిరిగి బిగించేటప్పుడు: జింకు ఉన్నంతవరకు అల్యూమినియంతో పెద్ద గొడవ లేదు. అది పోయి ఉత్త ఉక్కు తగిలితే, తడి చేరిన చోట అల్యూమినియం తెల్లపొడిగా రాలిపోతుంది. అందుకే రెండింటి మధ్య సీలెంట్ పూసి రివెట్లు కొట్టండి. చలికాలం అయ్యాక ఆ అంచుల కింద మంచినీళ్లు పట్టి ఉప్పు కడిగేయండి.