రాత్రిపూట కరెంటు ప్లాంటు ఎందుకు ఆపరు?

బుజ్జీ, చిన్నూ,

"తాతయ్యా, రాత్రి అందరూ పడుకున్నాక ప్లాంటు ఆపేయొచ్చు కదా?" అని మొన్న అడిగారు. ఫోన్లో చెప్పబోతే మధ్యలో మీ అమ్మ లాక్కుంటుంది, అందుకే రాస్తున్నా.

కరెంటును వడ్లలా గాదెలో పోసి దాచుకోలేం. బ్యాటరీలు వస్తున్నాయి గానీ, దేశానికి సరిపడా ఇంకా లేవు. మీరు గీజర్ స్విచ్ వేసిన క్షణంలోనే ఆ కరెంటు ఎక్కడో పుట్టాలి. అలా పుట్టే చోట్లలో మా రామగుండం ఎన్టీపీసీ బొగ్గు ప్లాంటు ఒకటి. 1983లో 200 మెగావాట్ల యూనిట్‌తో మొదలై, 2004కల్లా ఏడు యూనిట్లు, 2600 మెగావాట్లు అయింది.

సింగరేణి బొగ్గు రైల్లో వస్తుంది. దాన్ని మిల్లులో వేసి పిండి చేస్తారు. ఎంత మెత్తగా అంటే, వేళ్ల మధ్య రుద్దితే గరుకే తగలదు. చెయ్యి మాత్రం ఎంత కడిగినా నల్లగానే ఉంటుంది! ఆ పొడిని గాలితో, నీళ్లు మరిగించే బాయిలర్లోకి ఊది మండిస్తారు. సుమారు 540 డిగ్రీల ఆవిరి టర్బైన్ అనే రెక్కల చక్రాన్ని నిమిషానికి 3000 చుట్లు తిప్పుతుంది, దాంతో జనరేటర్ తిరిగి కరెంటు పుడుతుంది. అంటే సెకనుకు 50. ప్లాంట్లనీ ఊళ్లనీ కలిపే కరెంటు తీగల వలని గ్రిడ్ అంటారు. దానికి ప్రాణం ఈ 50లోనే ఉంది.

కంట్రోల్ రూంలో మా కళ్లు ఎప్పుడూ ఆ 50ని చూపే ఎర్ర అంకెల మీదే: 50.02, 49.97... సాయంత్రం ఊళ్లలో లైట్లు వెలిగేకొద్దీ అంకె కిందికి జారేది. బరువు పెరిగితే ఎద్దుల నడక మందగించదూ, అట్లాగే. వెంటనే ఆవిరి ఇంకాస్త వదలాలి. లేకపోతే టెన్షనే.

2012 జులైలో ఉత్తరాది, తూర్పు రాష్ట్రాలు చీకట్లో మునిగినా మనకేం కాలేదు. అప్పటికి మన దక్షిణాది గ్రిడ్ వేరుగా నడిచేది. 2013 డిసెంబర్ 31న రాయచూర్–సోలాపూర్ లైనుతో కలిపారు. ఇప్పుడు దేశమంతా ఒకే కాడికి కట్టిన ఎద్దులే.

ఇక మీ ప్రశ్న. బాయిలర్ చల్లారితే మళ్లీ వేడెక్కడానికి గంటలు పడుతుంది, మొదట ఆయిల్ కూడా కాల్చాలి. అందుకే రాత్రి తగ్గిస్తారు, ఆపరు.

చెడు కూడా చెప్పాలిగా. మన బొగ్గు వంద కిలోలు కాలిస్తే ముప్పై కిలోలకు పైగా బూడిదే మిగులుతుంది. కొంత సిమెంటుకు, ఇటుకలకు పోతుంది. మిగతాది బూడిద చెరువుల్లో పడి ఉంటుంది. పొగ సంగతి మీకు తెలిసిందే. అక్కడే రిజర్వాయర్ నీళ్ల మీద 100 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి. కానీ సూర్యుడు పోయాక, లైట్లు వేసే వేళకు, మళ్లీ బొగ్గే దిక్కు.

మీటర్లో తిరిగే ఒక్కో యూనిట్ కరెంటుకు సుమారు ముప్పావు కిలో బొగ్గు. ఇవాళ, రేపు ఒకే వేళకు మీటరు చూసి, తేడా లెక్కేసి, రోజుకి మీ ఇంట్లో ఎన్ని కిలోలు కాల్చారో రాయండి. చిన్నూ, స్టూల్ ఎక్కకు, అక్కని చూడమను.

మీ తాతయ్య