బోర్డో మందు పుట్టిన ఊరు

బుజ్జీ, చిన్నా,

మొన్న ఫోన్లో "తాతా, నాలుగు రోజులు ఏం చూశావు?" అని మీరడిగితే "ద్రాక్షతోటలు" అన్నాను. ఇద్దరూ పకపకా నవ్వారు. వైన్ ముట్టని మనిషికి వైన్ తీసే ఊళ్లలో ఏం పని అనేగా? ఫోన్లో చెబితే తెగేది కాదు, అందుకే ఉత్తరం.

మన నల్లగొండ తోటలో మోటారు షెడ్డు పక్కన నీలి మరకలు పడ్డ ప్లాస్టిక్ డ్రమ్ములు మూడుంటాయి, గుర్తున్నాయా? ఒకదాంట్లో 50 లీటర్ల నీళ్లు పోసి కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కరిగిస్తాను. ఇంకోదాంట్లో కిలో సున్నం, మరో 50 లీటర్ల నీళ్లు. రెండూ ఒకేసారి మూడో డ్రమ్ములోకి పోస్తే ఆకాశం రంగు పాలలా తయారవుతుంది. అదే బోర్డో మిశ్రమం, చెట్ల తెగుళ్లకు వాడే మందు. 40 ఏళ్లుగా కలుపుతున్నాను. మొదట్లో బోర్డో అంటే మందుల కంపెనీ పేరనుకున్నా. ఫ్రాన్సులో ఒక ఊరి పేరని ఒక వ్యవసాయాధికారి చెప్పాక, ఆ ఊరెలా ఉంటుందో అని మనసులో ఒక మూల ఉండిపోయింది. మీ అత్త వాళ్లుండే టూలూజ్ నుంచి అది కారులో రెండున్నర గంటలేనని ఇక్కడికొచ్చాకే తెలిసింది. ఇంకేం, గురువారం పొద్దున్నే బయల్దేరాం. నానమ్మ డబ్బా నిండా పులిహోర కలిపింది.

ఊరు బాగుంది. గారోన్ నది నెలవంకలా వంపు తిరిగిన చోట కట్టారు. నది ఒడ్డున పెద్ద రాతి గచ్చు మీద రెండు సెంటీమీటర్ల మందాన నీళ్లు నిలబెట్టారు. ఎదురుగా ఉన్న పాత భవనాలు అందులో అద్దంలోలా కనిపిస్తాయి. అందరూ చెప్పులు విప్పి తిరుగుతున్నారు. మీ బావ తిరగడంతో ఆగలేదు, పడుకున్నాడు. అత్త తిట్లు ఇక్కడ రాయను.

మర్నాడు ఉత్తరం వైపు మెడాక్ అనే ప్రాంతానికి వెళ్లాం. అక్కడ ఒక తోట గేటు దగ్గరే మమ్మల్ని ఆపేశారు. ముందుగా అపాయింట్‌మెంట్ ఉండాలట, పైగా పన్నెండింటికి భోజనానికి మూసేస్తారట. తప్పు మాదే, ఎవరం కనుక్కోలేదు. మామయ్య మొహం చిన్నబోయింది. నాకు మాత్రం మేలే జరిగింది. చెట్టు కింద పులిహోర తిని, సాయంత్రం దాకా రోడ్డు వెంట నడుస్తూ తోటలే చూశాను. నాకు కావలసిన కథ జరిగింది కూడా రోడ్డు పక్కనే.

ద్రాక్ష అంటే మా వయసు వాళ్లకు హైదరాబాదు చుట్టుపక్కల ఉండే అనాబ్-ఎ-షాహి పందిళ్లు. తలెత్తి చూస్తే గుత్తులు. ఇక్కడ పందిరి లేదు. నడుమెత్తు మొక్కలు, మీటరుకొకటి, తీగలకు కట్టి దువ్వినట్టు వరసలు. మంచి తోటల్లో హెక్టారుకు 10,000 మొక్కలు, అంటే ఎకరాకు నాలుగు వేలు! మన బత్తాయి ఎకరాకు నూటపది చెట్లు. నేల చూస్తే అంతా గులకరాళ్లు. మన దగ్గర అలాంటి చెలకను ఊరికే ఇస్తానన్నా తీసుకోరు. వీళ్లకు అదే బంగారం. వాననీళ్లు నిలవకుండా దిగిపోతాయి, పగటి వేడిని రాళ్లు రాత్రికి దాచిపెడతాయి. డ్రిప్పు పైపు ఒక్కటి కనిపిస్తే ఒట్టు. జూన్ కదా, కాయ ఇంకా బఠాణీ గింజంతే ఉంది. ఆకుల మీద మాత్రం సన్నగా నీలి చుక్కలు. అత్త ఫోటో తీయబోతే "ఇది మన మందే" అన్నాను.

కథకు వస్తాను. 1860ల్లో ఫ్రాన్సు ద్రాక్షకు ఒక పురుగు పట్టింది. పేరు ఫిలాక్సెరా. మన పేనుబంకకు చుట్టమే, కానీ వేళ్లకు పట్టి రసం పీలుస్తుంది. అమెరికా నుంచి తెచ్చిన మొక్కలతో వచ్చింది. తోటలకు తోటలు ఎండిపోయాయి. చివరికి మందు కూడా అమెరికాలోనే దొరికింది. అక్కడి అడవి ద్రాక్ష వేళ్లు ఆ పురుగును తట్టుకుంటాయి. అందుకని కింద అమెరికా వేరు, పైన ఫ్రెంచి కొమ్మ పెట్టి అంటు కట్టారు. మనం రంగపూర్ నిమ్మ మీద బత్తాయి అంటు కట్టమూ? అదే పని.

అయితే అమెరికా మొక్కలతో పాటు ఇంకో చుట్టం దిగింది. బూజు తెగులు. 1878లో ఫ్రాన్సులో మొదట కనిపించింది. ఆకు పైన నూనె మరకలాంటి మచ్చ, కింద తెల్లటి బూజు, కొన్నాళ్లకు ఆకంతా రాలిపోవడం. ఆకు లేకపోతే కాయకు తీపి ఎక్కడిది? అప్పుడు బోర్డో విశ్వవిద్యాలయంలో మిల్యార్డే అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు ఉండేవాడు. 1882లో ఈ మెడాక్‌లోనే, సెయింట్ జూలియన్ అనే చోట నడిచి వెళుతూ ఒక వింత చూశాడు. తోటంతా ఆకు రాల్చేసింది, రోడ్డు పక్క వరసలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఆరా తీస్తే తేలిందేమిటంటే, దారిన పోయేవాళ్లు గుత్తులు తెంపుకు తినకుండా మైలుతుత్తం, సున్నం కలిపి ఆ వరసలకు చల్లారట. నీలంగా, చేదుగా ఉంటే ఎవరు తింటారు? దొంగల కోసం చల్లింది తెగులును ఆపింది! నాకు నవ్వాగలేదు. పొలం గట్టు మీద ముళ్లకంప వేస్తే అది దోమకు మందని తేలినట్టుంది.

మిల్యార్డే అక్కడితో ఊరుకోలేదు. గేయాన్ అనే రసాయన శాస్త్ర ఆచార్యుణ్ణి తోడు తెచ్చుకుని పాళ్లు మార్చి మార్చి పరీక్షించి, 1885లో లోకానికి చెప్పాడు. బూజు విత్తనాలను చంపేది మైలుతుత్తంలోని రాగి. ఒట్టి మైలుతుత్తం చల్లితే ఆకు మాడిపోతుంది, సున్నం ఆ ఘాటు తగ్గించి మందును ఆకుకు అంటిపెడుతుంది. రాగి ఎక్కడికీ పోదు, ఏళ్ల తరబడి మట్టిలో పేరుకుంటుంది. అందుకే ఇప్పుడు యూరప్‌లో హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోల రాగికి మించి వాడకూడదని నిబంధన ఉంది. మనకలాంటి లెక్క లేదు కానీ, నేను మాత్రం ఈసారి నుంచి రాసిపెట్టుకుంటాను.

శనివారం సెయింట్ ఎమిలియన్. ఒకే సున్నపురాతి గుట్టను లోపలికి తొలిచి చర్చి చేశారు. "మన ఉండవల్లి గుహల్లా ఉంది" అంది నానమ్మ. ఈసారి అపాయింట్‌మెంట్ తీసుకునే వెళ్లాం కాబట్టి వైన్ చేసే చోటు కూడా చూపించారు. నల్లద్రాక్ష పిండితే రసం దాదాపు తెల్లగానే వస్తుంది, రంగంతా తొక్కలోదే. ఇంట్లో పిండి చూడండి. తొక్కతో కలిపి తొట్టెలో వదిలేస్తే ఈస్టు తీపిని తిని సారాగా మారుస్తుంది. పొద్దున దించిన కల్లు మధ్యాహ్నానికి నురగ కట్టేదీ దీనివల్లే. ఆ తర్వాత 225 లీటర్ల ఓక్ పీపాల్లో నిలవ చేస్తారు. కారు నడపాలని మామయ్య రుచి చూసి ఉమ్మేశాడు. దానికోసమే ఒక పాత్ర పెట్టారక్కడ! నాకూ బావకూ ద్రాక్షరసం ఇచ్చారు.

ఆదివారం తిరుగు దారిలో సోటెర్న్ మీదుగా వచ్చాం. అక్కడ ఆశ్చర్యం, బూజు రావాలని చూస్తారు. ఇది వేరే బూజులెండి. సిరోన్ అనే వాగు చల్లటి నీళ్లు గారోన్‌లో కలిసే చోట శరత్కాలంలో పొద్దున్నే మంచు కమ్ముకుంటుంది. ఆ తేమకు పండిన కాయకు బూజు పట్టి ఎండుద్రాక్షలా ముడుచుకుంటుంది, తీపి చిక్కబడుతుంది. దాంతో చేసే తీపి వైన్‌కు బోలెడు ధర. జీవితమంతా బూజుతో కొట్లాడినవాణ్ణి, ఇది మాత్రం నాకు మింగుడుపడలేదు.

మేం జూలై మొదటి వారంలో వస్తున్నాం. ఆ ఆదివారం తోటకు రండి, బత్తాయి మొదళ్లకు బోర్డో పేస్టు పూయాలి. మందు మిమ్మల్ని ముట్టుకోనివ్వను. ఇనప కత్తి ముంచే పని మాత్రం మీదే. కత్తికి రాగి రంగు పట్టిందంటే సున్నం చాలలేదని లెక్క, అప్పుడు నాకు కేకెయ్యాలి. పాత చొక్కాలు వేసుకోండి, ఆ నీలం ఉతికినా పోదు.

మీ తాత