క్యాప్స్ జబ్బు, ఒక్క సంకేతాన్ని ఆపే మందు: అపోహలు - వాస్తవాలు

పుట్టిన కొద్దిరోజులకే ఒంటినిండా దద్దుర్లు, విడవని జ్వరం, ఎర్రబడిన కళ్లు. ఏ పరీక్షలోనూ క్రిమి దొరకదు. యాంటీబయాటిక్స్ ఎన్ని మార్చినా, ఒంట్లోని వాపును రక్తపరీక్షలో చూపే సీఆర్‌పీ దిగదు. ఇలాంటి బిడ్డ పిల్లల కీళ్ల జబ్బుల విభాగానికి చేరేసరికి ఫైలు లావెక్కి ఉంటుంది, దాంతోపాటే బంధువుల సలహాలూ. క్యాప్స్ అంటే జన్యులోపం వల్ల ఒంట్లో వాపు ప్రక్రియ ఆగకుండా సాగే జబ్బు. ఇది పది లక్షల మందిలో ఒకరిద్దరికి వస్తుందని అంచనా. అందుకే దీని గురించి తెలిసినవారు తక్కువ, చెప్పేవారు ఎక్కువ.

అపోహ: దద్దుర్లు వచ్చాయంటే అలర్జీయే.

వాస్తవం: అలర్జీ దద్దురుకు మూలం హిస్టమిన్ అనే రసాయనం. అది దురద పెడుతుంది, సెట్రిజిన్‌కు లొంగుతుంది. క్యాప్స్ దద్దురులో దురద కన్నా మంట, నొప్పి ఎక్కువ. చర్మం ముక్క తీసి చూస్తే న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు కనిపిస్తాయి. జబ్బు తేలిక రూపంలో చలిగాలి తగిలిన గంట, రెండు గంటలకు దద్దుర్లు, జ్వరం, కీళ్ల నొప్పులు మొదలై ఒక రోజులో సర్దుకుంటాయి. ఏసీ బోగీలో ప్రయాణించిన ప్రతిసారీ ఇలా జరుగుతుంటే, పాపం, వంకాయను మాన్పించి లాభం లేదు.

అపోహ: క్యాప్స్‌కు ఇచ్చే సూదులు రోగనిరోధక శక్తిని మొత్తం చంపేస్తాయి.

వాస్తవం: తల్లిదండ్రులను ఎక్కువగా భయపెట్టే మాట ఇదే. ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రోటీన్ కణం లోపల ప్రమాదాన్ని పసిగట్టి కాస్పేస్-1 ఎంజైమును నిద్రలేపుతుంది. అది ఇంటర్‌ల్యూకిన్-1 బీటా అనే వాపు సంకేతాన్ని కత్తిరించి, పని చేసే రూపంలో బయటికి పంపుతుంది. క్యాప్స్‌లో జన్యులోపం వల్ల ప్రమాదమేమీ లేకపోయినా ఈ పని సాగుతూనే ఉంటుంది. జ్వరం, దద్దుర్లు, పెరిగిన సీఆర్‌పీ, చాలావరకు ఈ ఒక్క సంకేతం పుణ్యమే.

అనాకిన్రా అనే సూది మందు ఆ సంకేతం కూర్చోవలసిన గ్రాహకంలో ముందే చోటు ఆపుకుంటుంది, ఆర్టీసీ బస్సు కిటికీలోంచి సీటు మీద తువ్వాలు వేసినట్టు. కొన్ని గంటల్లోనే దాని మోతాదు రక్తంలో పడిపోతుంది కనుక రోజూ సూది తప్పదు. కనకినుమాబ్ అనే మరో సూది అయితే సంకేతాన్నే దారిలో పట్టేస్తుంది; సాధారణంగా ఎనిమిది వారాలకొకటి చాలు. రెండింటిలోనూ రోగనిరోధక శక్తిలోని మిగతా సైన్యం, అంటే టి కణాలు, యాంటీబాడీలు తమ పని తాము చేసుకుంటూనే ఉంటాయి. అలాగని నిర్లక్ష్యం పనికిరాదు. ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్లు కొంత పెరగవచ్చు. మొదలుపెట్టే ముందు క్షయ ఉందేమో చూస్తాం. చికిత్స సాగినంతకాలం లైవ్ టీకాలు (బలహీనపరచిన బతికున్న క్రిములతో చేసేవి) వేయం.

అపోహ: నాలుగు రోజుల్లో తగ్గిపోయింది కదా, ఇక ఆపేయవచ్చు.

వాస్తవం: తగ్గే వేగమే మనల్ని మోసం చేస్తుంది. క్యాప్స్‌లో అతి తీవ్రమైన రూపం ఉన్న 18 మందికి అనాకిన్రా ఇచ్చి చూసిన అధ్యయనం 2006లో వెలువడింది. వారి దద్దుర్లు మూడు రోజుల్లోపే పోయాయి. తర్వాత కొందరిలో మందు ఆపి చూస్తే కొద్దిరోజుల్లోనే జబ్బు తిరగబెట్టింది. సూది సంకేతాన్ని ఆపుతుందే తప్ప జన్యువును మార్చదు. పైకి ఏమీ కనిపించకపోయినా లోపల వాపు ప్రక్రియ సాగితే వినికిడి పోవచ్చు, ఏళ్లు గడిచేకొద్దీ మూత్రపిండాల్లో అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకోవచ్చు. పోయిన వినికిడి కొందరిలోనే కొంత మెరుగవుతుంది; మోకాలి దగ్గర అడ్డంగా పెరిగిన ఎముకను ఈ మందు సరిచేయలేదు. అందుకే తొందరపడతాం.

అపోహ: జన్యు పరీక్షలో ఏమీ తేలలేదు కాబట్టి క్యాప్స్ కాదు.

వాస్తవం: కొందరిలో లోపం కొన్ని కణాలకే పరిమితమై ఉంటుంది, మామూలు పరీక్షకు దొరకదు. లక్షణాలు గట్టిగా సరిపోతే చికిత్స ఆపం.

అపోహ: సూది వేసినచోట ఎర్రబడింది, మందు పడలేదు.

వాస్తవం: అనాకిన్రాతో మొదటి వారాల్లో ఇది మామూలే, క్రమంగా తగ్గుతుంది. ఒళ్లంతా పొంగితే, ఊపిరి ఆడకపోతే మాత్రం వెంటనే ఆసుపత్రికి రావాలి. రోజూ చోటు మార్చండి: ఒకరోజు తొడ, మరునాడు పొట్ట. సిరంజిని ఫ్రిజ్‌లోంచి అరగంట ముందు తీసి బయట ఉంచితే మంట తగ్గుతుంది. త్వరగా చల్లదనం పోవాలని వేడినీళ్లలో ముంచవద్దు. ఫ్రీజర్‌లో గడ్డకట్టిన సిరంజిని కరిగించి వాడకూడదు, పారేయాల్సిందే.