చివరి యాభై అడుగులు

దాళ్వా కోతలయ్యాక మే నెలలో కోనసీమ చేలన్నీ పొడి మట్టి, గడ్డి తుక్కు. అలాంటి చేలో రాత్రిపూట లైట్లు ఆర్పేసి, కమాండోలతో హెలికాప్టర్ దిగాలనుకోండి. శత్రువు కంటే ముందు పైలట్‌ని ఇబ్బంది పెట్టేది సొంత రెక్కల గాలే.

మన వాయుసేన నడిపే ఎంఐ-17 నిండు బరువు 13 టన్నులు, రోటర్ (పైన తిరిగే రెక్కల) వ్యాసం 21 మీటర్ల పైచిలుకు. అంత బరువు గాల్లో నిలవాలంటే గాలిని కిందికి నెడుతూనే ఉండాలి. లెక్కేస్తే, రోటర్ దగ్గర సెకనుకు సుమారు 12 మీటర్లుండే ఆ గాలి వేగం కిందికొచ్చేసరికి దాదాపు రెట్టింపవుతుంది. అంటే గంటకు 90 కిలోమీటర్లకు దగ్గర. అదెంత గాలో 1996 నవంబరు తుపాను చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. నేలను తాకిన గాలి దుమ్మును లేపుకుని మళ్లీ రోటర్‌లోకే తిరుగుతుంది. చివరి యాభై అడుగుల్లో ఏమీ కనపడదు. హెలికాప్టర్ పక్కకు జరుగుతున్నా తెలీదు, ఆ ఊపులో చక్రం నేలకు తగిలితే బోల్తానే. దీన్నే బ్రౌనౌట్ అంటారు.

1980 ఏప్రిల్‌లో ఇరాన్‌లో బందీలుగా ఉన్న తన వాళ్లను విడిపించడానికి అమెరికా 8 హెలికాప్టర్లను పంపింది. దుమ్ము మేఘాలు, యంత్ర లోపాల వల్ల చివరికి పనికొచ్చేవి 5 మిగిలాయి. పని ఆపేసి వెనుదిరగబోతుంటే, రేగిన దుమ్ములో ఒకటి సీ-130 విమానాన్ని ఢీకొని 8 మంది చనిపోయారు. నన్ను ఎక్కువగా బాధపెట్టేది యంత్రాల సంగతి కాదు. ఒక దళం హెలికాప్టర్లు, ఇంకో దళం పైలట్లు, మరో దళం కమాండోలు. ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన అలవాటే లేదు. ఆ లోటు తీర్చడానికే 1981లో అమెరికా సైన్యం ఈ పనికే ప్రత్యేకించిన దళాన్ని పెట్టుకుంది. ఇప్పటి 160వ రెజిమెంట్, నైట్ స్టాకర్స్, అదే.

చీకట్లో చూడటానికి పైలట్లు పెట్టుకునే నైట్ విజన్ గాగుల్స్‌లో చూపు దాదాపు 40 డిగ్రీలకే పరిమితం. దూరం అంచనా తప్పుతుంది, కరెంటు తీగలు సరిగ్గా ఆనవు. అందుకే తలుపు దగ్గరి సిబ్బంది బయటికి వంగి ‘ఎడమకి పోతోంది, పది అడుగులు, ఐదు’ అని చెబుతుంటారు. పైలట్ ఆ గొంతును నమ్మి దించుతాడు. కొబ్బరి తోటల్లాంటి చోట దిగే వీలే ఉండదు. అక్కడ తాడు పట్టుకుని జారాల్సిందే, మన నేవీ మార్కోస్ కమాండోలు దాన్ని స్లిదరింగ్ అంటారు.

కాకినాడ తీరంలో 2019లో, 2024లో భారత్, అమెరికా సేనలు కలిసి చేసిన టైగర్ ట్రయంఫ్ విన్యాసాలు విపత్తు సాయం కోసం. వరదల్లో లంక గ్రామాల మీదికి వచ్చే హెలికాప్టర్ కిందా అదే గాలి. దాని శబ్దం వినపడగానే పరుగెత్తి కిందికి చేరకండి. పిల్లల్ని దూరంగా ఉంచండి, టార్పాలిన్లు, రేకులు కట్టేయండి. ఎగిరిన పట్టా ఒక్కటి రోటర్‌కి చుట్టుకున్నా చాలు, కాపాడటానికి వచ్చినవాళ్లే ప్రమాదంలో పడతారు.