47 ఫోన్లు, ఒకటే జవాబు

1996లో ఢిల్లీలో ఒక విదేశీ విలేకరి తనకు తెలిసిన సీనియర్ జర్నలిస్టుని ఒక మాట అడిగాడు. బీఎస్పీ నాయకుడు కాన్షీరాంకూ విలేకరులకూ గొడవ జరిగింది కదా, దాని మీద మాట్లాడటానికి ఎవరైనా దళిత జర్నలిస్టు పేరు చెప్పగలరా అని. అడిగింది వాషింగ్టన్ పోస్ట్‌కు పనిచేసే కెన్నెత్ కూపర్. చెప్పాల్సింది బి.ఎన్. ఉనియాల్. 30 ఏళ్లుగా పత్రికల్లో ఉన్న మనిషి, ఎంత ఆలోచించినా ఒక్క పేరూ తట్టలేదు.

ఉనియాల్ అక్కడితో వదల్లేదు. కేంద్ర ప్రభుత్వం గుర్తింపు ఇచ్చిన విలేకరుల జాబితా ముందేసుకున్నాడు. 686 పేర్లు. అందులో 454 మంది పేరు చివరే కులం ఉంది, వాటిలో దళితులది ఒక్కటీ లేదు. మిగిలింది 232. వాళ్లలో 47 మందికి ఫోన్లు చేశాడు. తోటి జర్నలిస్టుకి ఫోన్ చేసి ‘మీరు ఏమిట్లు?’ అని కులం అడగడం ఎంత ఇబ్బందో ఊహించుకోండి. ఒక్కరూ దళితులు కారు. ఆ సంగతంతా నవంబర్ 16న పయొనీర్ పత్రికలో రాశాడు.

మన దగ్గరైతే ఆ లెక్క ఇంకా కష్టమయ్యేది. తెలుగువాళ్ల ఇంటిపేరు పొడి అక్షరాల్లో దాక్కుంటుంది. అందుకేనేమో ఇక్కడి ఆఫీసుల్లో కొత్తగా చేరినవాడిని ముందు ‘ఏ ఊరు?’ అంటారు, టీ తాగేలోపు ‘ఇంటిపేరేంటి?’ దగ్గరికి వస్తారు.

కూపర్ నల్లజాతివాడు. ఆయనకి ఆ ప్రశ్న రావడం వెనక ఒక చరిత్ర ఉంది. 1967లో అమెరికా నగరాల్లో అల్లర్లు జరిగినప్పుడు ప్రభుత్వం వేసిన కెర్నర్ కమిషన్, మరుసటి ఏడాది నివేదికలో పత్రికలనూ తప్పుపట్టింది. నల్లవాళ్లని ఉద్యోగాల్లోకి తీసుకోకుండా వాళ్ల బతుకు గురించి ఏం రాస్తారని నిలదీసింది. 1978 నుంచి అక్కడి సంపాదకుల సంఘం ఏటా న్యూస్‌రూముల్లో తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. 2000 నాటికి జనాభాతో సమానం చేస్తామంది, చేయలేకపోయింది. కానీ కనీసం ఏళ్ల తరబడి లెక్క వేసింది. మన దగ్గర అలా ఏటా లెక్కపెట్టిన సంఘమూ లేదు.

అసలు పెద్ద పత్రికల్లో చోటు దొరకదని ముందే తేలిపోయినవాళ్లు సొంతంగా పెట్టుకున్నారు. అంబేడ్కర్ 1920 జనవరి 31న ‘మూక్‌నాయక్’ తెచ్చారు. పేరులోనే ఉంది, నోరులేనివాళ్ల నాయకుడని. డబ్బిస్తాం, ప్రకటన వేయండంటే తిలక్ పెట్టిన మరాఠీ పత్రిక ‘కేసరి’ వేయనంది. హైదరాబాద్‌లో దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ 1931లో ‘భాగ్యనగర్’ నడిపారు. ఇలాంటివాటికి ప్రకటనలు రావు, చందాదార్లు తక్కువ, నడిపేవాడి ఓపిక అయిపోతే పత్రికా అయిపోతుంది.

తెలుగులో ఈ ప్రశ్న గట్టిగా వినబడింది కారంచేడు తర్వాతే. 1985 జులై 17న అక్కడ ఆరుగురు దళితుల్ని చంపేశారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. ఆ రెండింటి మధ్యే దళిత ఉద్యమకారుడు బొజ్జా తారకం వంటివాళ్లు ‘నలుపు’ పత్రిక మొదలుపెట్టారు. ఇప్పటికీ ఊళ్లో దళితుల మీద దాడి జరిగితే వార్తలు దిద్దే డెస్క్ మీద మొదట తయారయ్యే హెడ్డింగ్ ‘ఇరువర్గాల ఘర్షణ’. కొట్టినవాడూ తిన్నవాడూ ఒకే మాటలో సర్దుకుపోతారు. ఎవరూ కుట్ర చేసి పెట్టే హెడ్డింగ్ కాదది, అలవాటుగా వచ్చేస్తుంది. ఆ అలవాటుని ఆపి ‘ఇదేంటి?’ అనే మనిషి ఆ బల్ల దగ్గర ఉండడు, అంతే.

1989లో ఈనాడు జిల్లా ఎడిషన్లు పెట్టాక ఊళ్ల వార్తలకు ఒక్కసారిగా చోటు పెరిగింది. మండలానికొక విలేకరి వచ్చాడు. దళిత, బీసీ కుర్రాళ్లు చాలామంది ఈ దారినే వచ్చారు. కాకపోతే లైన్ అకౌంట్ కింద, అచ్చయిన లెక్కన డబ్బులు. వార్త పంపడం వాళ్ల వంతు, ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చేది డెస్క్. తలుపు తెరిచారు గానీ వరండా వరకే.

2006లో ఉన్నత విద్యలో ఓబీసీ రిజర్వేషన్లపై టీవీలు ఊగిపోతున్నప్పుడు యోగేంద్ర యాదవ్, అనిల్ చమడియా, జితేంద్ర కుమార్ ఢిల్లీలోని 37 పత్రికలు, చానెళ్లలో నిర్ణయాలు తీసుకునే 315 మందిని లెక్కించారు. 71 శాతం అగ్రవర్ణ హిందూ పురుషులు. దళితులు, ఆదివాసీలు సున్నా. 2019లో ఆక్స్‌ఫామ్ సంస్థ, న్యూస్‌లాండ్రీ వెబ్‌సైటు కలిసి చూసిన 121 పెద్ద పోస్టుల్లో 106 అగ్రవర్ణాలవే, ఎస్సీ ఎస్టీలు మళ్లీ సున్నా.

తెలంగాణలో కవులే లేరంటే సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మందిని పోగేసి ‘గోలకొండ కవుల సంచిక’ వేశారు. లేరన్న మాటని లెక్కతో కొట్టడం మనకు తెలిసిన విద్యే. న్యూస్‌రూముల్లో మాత్రం లెక్కపెట్టిన ప్రతిసారీ లేరనే తేలుతోంది.

జహీరాబాద్ వైపు మాచ్నూర్‌లో దళిత ఆడవాళ్లు మరో దారి పట్టారు. వాళ్లకి కెమెరా ఇచ్చి నేర్పిస్తే, కెమెరా కోణాలకు ‘పటేల్ షాట్’ లాంటి సొంత పేర్లు పెట్టుకున్నారు. మనిషి కళ్లకు సమానంగా పెట్టి తీసేది ‘సంఘం షాట్’. సంఘంలో అందరూ సమానం కదా, అందుకు. గాలి తరంగాలు జనం ఆస్తని 1995లో సుప్రీంకోర్టులో తీర్పు రాసిన జస్టిస్ పి.బి. సావంతే 2008 అక్టోబర్ 15న అక్కడికి వచ్చి ‘సంఘం రేడియో’ ప్రారంభించారు. విత్తనాలు, పాటలు, పండగలు, పశువుల రోగాలు, అన్నీ వాళ్ల యాసలోనే. ఒక్కటి తప్ప. ప్రభుత్వ నిబంధనల ప్రకారం కమ్యూనిటీ రేడియోలు సొంతంగా వార్తలు చెప్పకూడదు.